ఇంట్లో జారిపడి ఎముక విరిగితే: కార్డు ఎప్పుడు చూపాలి, అడుగు ఎప్పుడు వేయాలి

"సార్, మా అమ్మ బాత్రూమ్‌లో జారిపడ్డది. తుంటి ఎముక విరిగిందన్నరు. దగ్గర్లోని ప్రైవేటు దవాఖానలో అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించినం. ఇప్పుడు ఆరోగ్యశ్రీ కింద ఆ పైసలు వాపసు వస్తయా?"

మా కార్యాలయానికి తరచూ వచ్చే ప్రశ్న ఇది. జవాబు మాత్రం ఒకటే: రావు. ఆరోగ్యశ్రీ అంటే మీరు ముందు ఖర్చుపెట్టి తర్వాత బిల్లులు చూపించి తీసుకునే పథకం కాదు. ఆపరేషన్‌కు ముందే దవాఖాన వాళ్లు ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటారు, డబ్బు నేరుగా దవాఖానకే వెళ్తుంది. మీ చేతికి ఒక్క రూపాయి రాదు, మీ చేతి నుంచి ఒక్క రూపాయి పోకూడదు. ఈ చిన్న సంగతి తెలియక అప్పుల పాలైన ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే ఈ పీడీఎఫ్. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఏమీ జరగకముందే ఒకసారి చదివి ఫోన్‌లో ఉంచుకోండి. పడ్డాక చదివే తీరిక ఉండదు.

పడిన మొదటి గంట

ముందు ఎవరూ కంగారుపడి భుజాలు పట్టి పైకి లేపకండి. మన ఇళ్లలో మొదట జరిగేది అదే. నలుగురు చేరి రెక్కలు పట్టి లేపి కుర్చీలో కూర్చోబెడతారు. విరిగిన ఎముక అంచులు అప్పుడే చుట్టుపక్కల కండను, నరాన్ని గాయపరుస్తాయి. పడినచోటే ఉంచి ఎక్కడ నొప్పి అని అడగండి. తలకు దెబ్బ తగిలిందా చూడండి. గుండెజబ్బుకో, పక్షవాతం వచ్చాకో రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్లకు తలకు దెబ్బ తగిలితే, బయటికి ఏమీ కనిపించకపోయినా, బాగానే మాట్లాడుతున్నా, దవాఖానకు తీసుకెళ్లాల్సిందే. లోపల రక్తస్రావం మెల్లగా బయటపడవచ్చు.

ఒక కాలు రెండో కాలికంటే పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే, కాలు ఎత్తమంటే ఎత్తలేకపోతే, తుంటి దగ్గర విరిగిందనే అనుకోండి. కాలు లాగి సరిచేసే ప్రయత్నం వద్దు. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, రెంటినీ కలిపి చీరతోనో తువ్వాలతోనో వదులుగా కట్టండి. 108కు ఫోన్ చేయండి. అంబులెన్స్ దాకా మోయాల్సి వస్తే దుప్పటిలో నలుగురు నాలుగు మూలలు పట్టుకోవడం కంటే నులక మంచం మీదో, గట్టి చెక్క మీదో పడుకోబెట్టి తీసుకెళ్లడం మేలు.

మణికట్టు దగ్గర విరిగితే ముందు గాజులు, ఉంగరాలు తీసేయండి. కాలికైతే మెట్టెలు, కడియాలు. గంటలో వాపు వచ్చాక అవి రావు, కోయాల్సి వస్తుంది. గాజులు తీయడానికి మన ఆడవాళ్లు ఒప్పుకోరు, నచ్చజెప్పాలి. విరిగిన చేతి కింద మడిచిన అట్టముక్కో, న్యూస్‌పేపర్ల దొంతరో పెట్టి కదలకుండా కట్టి, కండువాతో మెడకు తగిలించండి. ఐస్ పెడితే గుడ్డలో చుట్టి పెట్టండి. నూనె పెట్టి రుద్దడం, మర్దనా చేయడం అస్సలు వద్దు. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి భోజనం పెట్టకండి. దాహమంటే గుక్కెడు నీళ్లు ఇవ్వవచ్చు.

బయల్దేరేముందు మూడు వస్తువులు సంచిలో వేసుకోండి: రేషన్ కార్డు, ఆధార్, రోజూ వాడే మాత్రల డబ్బా. మాత్రల చీటీ కాదు, డబ్బానే. ఏది వాడుతున్నారో డాక్టర్‌కు అక్కడే తెలియాలి.

ఏ దవాఖానకు పోవాలి

తెలంగాణలో ఆహార భద్రత కార్డు, అంటే మనం రేషన్ కార్డు అనేది, ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఇది ఇంట్లో అందరికీ కలిపి. ఒక్కరికే పూర్తిగా వాడుకున్నా అభ్యంతరం లేదు. పాత జబ్బులు ఉన్నాయని తిప్పి పంపరు. ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులకు వాళ్ల హెల్త్ స్కీము, ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ దవాఖానలు వేరుగా ఉన్నాయి.

70 ఏళ్లు నిండినవాళ్లకు కేంద్రం 2024 అక్టోబర్ 29న ప్రారంభించిన వయ వందన కార్డు ఉంది. ఏటా 5 లక్షల దాకా చికిత్స, ఆదాయంతో పని లేదు. రేషన్ కార్డు లేని ఇళ్లకు ఇది ముఖ్యం. ఆధార్‌తో నమోదు చేయించుకుంటేనే కార్డు వస్తుంది. పడ్డాక పరుగెత్తేకంటే ముందే చేయించి పెట్టుకోండి.

ఇక దవాఖాన. ఆరోగ్యశ్రీ అన్ని ప్రైవేటు దవాఖానల్లో ఉండదు, ఉన్నచోట కూడా అన్ని విభాగాలకూ ఉండదు. గుండెకు ఉండి ఎముకలకు లేని దవాఖానలు ఉంటాయి. కాబట్టి అంబులెన్స్‌లో ఉండగానే 104కు ఫోన్ చేసి, "ఎముకల ఆపరేషన్‌కు దగ్గర్లో ఆరోగ్యశ్రీ ఉన్న దవాఖాన ఏది" అని ఈ మాటల్లోనే అడగండి. జిల్లా ప్రభుత్వ దవాఖాన కూడా ఆరోగ్యశ్రీ దవాఖానే, ఇది చాలామందికి తెలియదు. వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఎలాగూ ఉన్నాయి. మామూలు తుంటి, మణికట్టు విరుగుళ్లకు అంతదూరం పోవాల్సిన పనిలేదు, మీ జిల్లా కేంద్రంలోనే అవుతుంది.

లోపలికి వెళ్లగానే డబ్బు కౌంటర్ దగ్గర కాదు, ఆరోగ్యమిత్ర దగ్గర ఆగండి. ప్రతి నెట్‌వర్క్ దవాఖానలోనూ ఆరోగ్యశ్రీ హెల్ప్‌డెస్క్ ఉంటుంది, అక్కడ కూర్చునే మనిషే ఆరోగ్యమిత్ర. కార్డు నంబరు ఆయనకు ఇచ్చి పేరు నమోదు చేయించండి. ఆ తర్వాత ఎక్స్‌రే, డాక్టర్ రిపోర్టు జతచేసి దవాఖాన వాళ్లే ట్రస్టుకు పంపుతారు. అత్యవసరమైతే ఫోన్ ద్వారా కూడా అనుమతి తెచ్చుకునే ఏర్పాటు ఉంది. "అనుమతి ఆలస్యమవుతుంది, ముందు కట్టేయండి, తర్వాత ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయండి. "ఆరోగ్యశ్రీలో మామూలు రాడే వస్తుంది, మంచి రాడ్ కావాలంటే పైన కట్టండి" అన్నా అంతే. ప్యాకేజీలో రాడ్, ప్లేటు, స్క్రూలు, మందులు, పరీక్షలు, రోగికి భోజనం, ఇంటికి వెళ్లేటప్పుడు దారిఖర్చు అన్నీ కలిసే ఉంటాయి. డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు కూడా ఇవ్వాలి. ఆ ఆపరేషన్ వల్ల ఇబ్బంది వస్తే 30 రోజుల దాకా చూసే బాధ్యత ఆ దవాఖానదే. కుట్ల దగ్గర చీము పడితే మళ్లీ బిల్లు వేయడానికి వీల్లేదు.

రానిది కూడా చెప్పాలి. ఆరోగ్యశ్రీ దవాఖానలో చేర్చుకుని చేసే, జాబితాలో ఉన్న చికిత్సలకే. పడక అవసరం లేని చిన్న విరుగుడుకు పిండికట్టు వేసి పంపితే పథకం పెద్దగా పనికిరాదు. దానికి ప్రభుత్వ దవాఖాన ఓపీకి వెళ్లండి, కట్టూ ఎక్స్‌రే ఉచితమే. ఇంటికొచ్చాక పెట్టుకునే ఫిజియోథెరపిస్ట్, వాకర్, ఆయా, ఇవేవీ ప్యాకేజీలో లేవు. అసలు ఖర్చు, అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. దానికి తర్వాత వస్తాను.

ఎక్స్‌రే మంచిగానే ఉంది, కానీ నడవలేకపోతోంది

ఇలా కూడా జరుగుతుంది. తుంటిలో సన్నని పగులు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఏమీ లేదు, కండ పట్టేసింది" అని మాత్రలిచ్చి పంపినా, రెండుమూడు రోజులకు కూడా కాలి మీద బరువు వేయలేకపోతే మళ్లీ వెళ్లి సీటీనో ఎంఆర్ఐనో అవసరమేమో అడగండి. పిరుదుల మీద ధబ్బున కూలబడ్డ పెద్దవాళ్లలో వెన్నుపూస నలిగిపోవడం మామూలే. నడుంనొప్పి వయసుదే అనుకుని ఊరుకుంటారు. చాలావరకు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం తెలియకుండా పోతున్నా మాత్రం అదేరోజు దవాఖానకు పోవాలి.

"వయసైపోయింది, ఇంక ఆపరేషన్ ఎందుకు?"

ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎనభై ఏళ్ల మనిషిని కోయించడం ఎందుకు, మంచంలో ఉంచి మంచిగా చూసుకుంటాం అని ప్రేమతోనే అంటారు. కానీ తుంటి విరిగిన మనిషికి ఆపరేషన్ ప్రధానంగా నొప్పి తగ్గించి, లేపి కూర్చోబెట్టడానికి. కదలకుండా మంచానికే అంటిపెట్టుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరి నిమోనియా వస్తుంది, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకడుతుంది, వీపు కింద పుండ్లు పడతాయి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ప్రాణం తీసేవి ఇవి, విరిగిన ఎముక కాదు. అందుకే డాక్టర్లు వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ చేయాలని చూస్తారు. అమావాస్య పోవాలని, పెద్దకొడుకు దుబాయ్ నుంచి రావాలని మూడునాలుగు రోజులు ఆపితే ఆ నష్టం ఆ పెద్దమనిషికే.

బీపీ, షుగర్ ఉన్నాయని ఆపరేషన్ చేయరనే భయం కూడా సరికాదు. వాటిని అదుపు చేస్తూనే చేస్తారు. గుండె బాగా బలహీనంగా ఉన్నప్పుడు, లేవలేని స్థితిలో ముందునుంచే ఉన్నప్పుడు డాక్టరే వద్దనవచ్చు. ఆ నిర్ణయం మత్తు డాక్టర్, ఎముకల డాక్టర్ చెప్పాలి, బంధువులు కాదు.

పుత్తూరు కట్టు సంగతి

చిత్తూరు వైపు పుత్తూరు కట్టు పేరు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాలా? తరాలుగా ఎముకలు కట్టే కుటుంబాలు అక్కడ ఉన్నాయి, మన దగ్గర కూడా ప్రతి ప్రాంతానికీ ఒక కట్టు వైద్యుడి ఊరు ఉంటుంది. జరగని చిన్న విరుగుడును కదలకుండా కట్టి ఉంచితే అతుక్కుంటుంది. ఎముకకు తనంతట తాను అతుక్కునే గుణం ఉంది, ఏ కట్టుకైనా మంచిపేరు వచ్చేది దానివల్లే. తుంటి విరుగుడు మాత్రం అలా కాదు. ఎముక తలకు రక్తం అందించే నాళాలు విరిగినప్పుడే తెగిపోవచ్చు, పై నుంచి వేసే ఏ కట్టూ దాన్ని కదలకుండా పట్టలేదు. పైకి ఎముక కనిపిస్తున్న గాయం, కీలులోకి వెళ్లిన పగులు, వేళ్లు చల్లబడిన చెయ్యి, వీటిని కట్టుకు తీసుకెళ్లడం ప్రమాదం.

కట్టు ఎవరు వేసినా, దవాఖానలో వేసిన పిండికట్టు అయినా సరే, ఒక పరీక్ష ఇంట్లో చేయాలి. వేళ్లు నీలంగా లేదా తెల్లగా మారుతున్నాయా, తిమ్మిరిగా ఉన్నాయా, వేళ్లు కదిపితే భరించలేని నొప్పి వస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కట్టు బిగుతైంది, లోపల రక్తం ఆడటం లేదు. తెల్లవారేదాకా ఆగకండి, రాత్రి రెండింటికైనా వెళ్లి కట్టు కోయించండి. కొన్ని గంటలు ఆలస్యమైతే చెయ్యే పోవచ్చు.

ఇంటికొచ్చాక

డిశ్చార్జి రోజు అందరూ తొందరలో ఉంటారు. ఆటో కింద నిలబడి ఉంటుంది. అయినా డాక్టర్‌ను అడిగి ఈ నాలుగు సంగతులు చీటీ మీద రాయించుకోండి: విరిగిన కాలి మీద బరువు వేయవచ్చా, ఎంత, ఎప్పటినుంచి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్ని రోజులు, కుట్లు ఎప్పుడు విప్పాలి, మళ్లీ ఎక్స్‌రేకు ఎప్పుడు రావాలి. మొదటి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. రాడ్ వేసినవాళ్లను మర్నాడే వాకర్‌తో నిలబెట్టవచ్చు, కొన్ని రకాల ప్లేటు వేసినవాళ్లకు ఆరు నుంచి పన్నెండు వారాలు పాదం నేలకు ఆనించవద్దంటారు. పక్కింటావిడకు చెప్పింది మీకు వర్తించదు. ఎవరి ఎక్స్‌రే వాళ్లదే.

కదలమన్నారంటే కదలాలి. ఇక్కడే ఇల్లు మొత్తం అడ్డుపడుతుంది. "అమ్మా, నువ్వు లేవకు, మేమున్నాం కదా" అని నోటి దగ్గరికి అన్నీ అందిస్తారు. రెండు వారాలు మంచంలో ఉంటే ఆ వయసులో తొడ కండ కరిగిపోతుంది, మళ్లీ రావడానికి నెలలు పడుతుంది. పడుకునే ఉన్నా గంటకోసారి పాదాలు పైకీ కిందికీ పదేసి సార్లు ఆడించాలి. మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలాలి. గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి. పూటపూటకూ కూర్చోబెట్టాలి. తనంతట పక్కకు తిరగలేని మనిషిని రెండు గంటలకోసారి మీరు తిప్పాలి, రాత్రిపూట కూడా. మడమల కింద, పిరుదుల దగ్గర చర్మం ఎర్రబడి వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే.

వాకర్ ఎత్తు చూడండి. నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే దాని పిడి మణికట్టు దగ్గరికి రావాలి. అంతకంటే కింద ఉంటే వంగి నడుస్తారు, పైన ఉంటే భుజాలు నొస్తాయి. ముందు వాకర్, తర్వాత విరిగిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. వాకర్ కాళ్ల రబ్బరు బూట్లు అరిగిపోతే మార్చండి, అవి లేకుండా గచ్చు మీద నడవడమంటే మళ్లీ పడటానికి సిద్ధమైనట్టే.

మరుగుదొడ్డి పెద్ద సమస్య. మన ఇళ్లలో చాలావరకు కింద కూర్చునేవి. తుంటి బంతి మార్చిన మనిషి గొంతుకు కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, తక్కువ ఎత్తు పీటల మీద కూర్చోకూడదు, కింద పడ్డ వస్తువు వంగి తీయకూడదు. ఎన్నాళ్లన్నది డాక్టర్ చెబుతారు. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, దాన్ని ఉన్న బేసిన్ మీదే నిలబెట్టవచ్చు. సిగ్గుపడి కొందరు పెద్దవాళ్లు దొడ్డికి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు, తిండి తగ్గిస్తారు. దీన్ని కనిపెట్టండి. మలబద్ధకం, మూత్రంలో మంట, రాత్రిపూట మతి తప్పి ఏదేదో మాట్లాడటం, అన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

మణికట్టు విరిగినవాళ్ల సంగతి వేరు. పిండికట్టు దాదాపు ఆరు వారాలు ఉంటుంది. మొదటి రెండుమూడు రోజులు చెయ్యిని దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉంచాలి. వేళ్లు, మోచేయి, భుజం రోజూ కదిలించాలి, లేకపోతే మణికట్టు అతికే నాటికి భుజం బిగుసుకుపోతుంది. దురద పెడితే కట్టులోకి పుల్లలు, అల్లిక సూదులు దూర్చకండి. కట్టు విప్పిన రోజు చెయ్యి సన్నగా, బిగుసుగా కనిపిస్తే భయపడకండి. గోరువెచ్చని నీళ్లలో తడిబట్ట పిండటం మంచి వ్యాయామం, ఖర్చు లేనిది.

పిక్క ఒకవైపే వాచి నొప్పెడితే, ఉన్నట్టుండి ఆయాసమొస్తే, గుండెలో నొప్పి వస్తే, ఇంక ఎవరినీ అడగొద్దు, 108. జ్వరం, కుట్ల దగ్గర చీము అయితే ఆపరేషన్ చేసిన దవాఖానకే వెళ్లండి. కట్టు మార్చడం, బీపీ, షుగర్ చూడటం లాంటివి పల్లె దవాఖానలో ఏఎన్ఎం చేస్తుంది. జిల్లా దవాఖానలో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది, అక్కడ ఉచితం. వారానికి ఒకసారి వెళ్లి వ్యాయామాలు నేర్చుకుని ఇంట్లో రోజూ చేసినా సరిపోతుంది. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి నెలల తరబడి వేయకండి, ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉంటే.

ఇంకో సంగతి. ఈ మూడు నెలలు ఇంట్లో సేవచేసేది మామూలుగా కోడలో కూతురో. కూలికి పోయే మనిషైతే ఆ కూలి పోతుంది. వంగి ఎత్తి ఎత్తి ఆమె నడుం పట్టేస్తుంది. రాత్రిపూట తిప్పే పని ఇంట్లో మగవాళ్లు తీసుకోవడానికి ఏ పథకమూ అడ్డురాదు.

పథ్యం

"పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ, గోంగూర, చింతపండు వద్దు, గుడ్డు వేడి." ఇలా ఒక్కొక్కటీ తీసేస్తే చివరికి పళ్లెంలో కారప్పొడి అన్నమే మిగులుతుంది. ఎముక అతకడానికి, గాయం మానడానికి ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, తినేవాళ్లకు చేపా మాంసమూ, ఇవే ఆ మందు. చీము పడేది క్రిములవల్ల, పప్పువల్ల కాదు. రాగి జావ, నువ్వులు, ఆకుకూరలు కాల్షియం ఇస్తాయి. రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టండి. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి. బీడీ, చుట్ట, సిగరెట్ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తాయి, నాన్నగారికి కోపం వచ్చినా చెప్పాలి.

ఇతర పథకాలు: వచ్చేవీ, వస్తాయనుకునేవీ

ప్రధానమంత్రి సురక్షా బీమాకు బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు కోస్తున్నారు కదా, ఎముక విరిగితే రాదా అని అడుగుతారు. అతికే ఎముకకు రాదు. ప్రమాదంలో చెయ్యో కాలో శాశ్వతంగా పనికిరాకుండా పోతే లక్ష, మరణిస్తే లేదా రెండు అవయవాలు పోతే 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల లోపువాళ్లకే. అయితే పడినవెంటనే చూపించిన దవాఖాన రికార్డులో "ఇంట్లో జారిపడ్డారు" అని ఉండటం తర్వాత అవసరపడవచ్చు. జరిగింది జరిగినట్టు చెప్పి రాయించండి. రైతు బీమా మరణానికే వర్తిస్తుంది, గాయాలకు కాదు.

వికలాంగుల పింఛన్ చేయూత కింద నెలకు 4,016 రూపాయలు. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మానే విరుగుడును వైకల్యంగా లెక్కించరు, కట్టు ఉండగానే క్యాంపుకు మోసుకెళ్లడం వృథా. చికిత్స పూర్తయ్యాక కూడా కాలు పొట్టిగానో, కీలు బిగుసుకుపోయో మిగిలితే అప్పుడు మీసేవలో అడిగి దరఖాస్తు చేయండి.

వాకర్, చేతికర్ర, చక్రాల కుర్చీ కొనలేనివాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. ఇది మొదలైంది 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే. 60 ఏళ్లు దాటి, దారిద్ర్యరేఖకు దిగువన లేదా నెలకు 15,000 రూపాయలలోపు ఆదాయం ఉన్నవాళ్లకు క్యాంపుల్లో కొలిచి ఉచితంగా ఇస్తారు. క్యాంపు రోజూ ఉండదు, జిల్లా సంక్షేమాధికారి కార్యాలయంలో పేరు ఇచ్చి పెట్టండి. అప్పటిదాకా ఊళ్లో ఎవరింట్లోనో అటక మీద వాకర్ ఉండే ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో అడగండి.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లకు మిగిలిన దారి ముఖ్యమంత్రి సహాయ నిధి. అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో ప్రజాప్రతినిధి కార్యాలయం ద్వారా దరఖాస్తు వెళ్తుంది. 2024 నుంచి ఇది ఆన్‌లైన్. ఖర్చయినదంతా రాదు, ఎంతో కొంత వస్తుంది. ఒరిజినల్ బిల్లులు ఇచ్చేముందు జిరాక్స్ తీసి పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ కింద చేసిన ఆపరేషన్‌కు మళ్లీ ఇక్కడ పెట్టకండి, తిరస్కరిస్తారు.

మళ్లీ పడకుండా

నిలబడ్డ ఎత్తు నుంచి పడితే ఎముక విరిగిందంటే ఆ ఎముక ముందే గుల్లబారి ఉండవచ్చు. ముఖ్యంగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో. ఆపరేషన్ చేసి పంపేస్తారు గానీ ఎముకల పటుత్వానికి మందు అందరికీ రాయరు. మీరే అడగండి: "డాక్టర్‌గారూ, ఎముకలు గుల్లబారాయేమో చూస్తారా, మందు అవసరమా?" ఒకసారి విరిగిన మనిషికి రెండోసారి విరిగే అవకాశం ఎక్కువ.

ఇంట్లో చూడాల్సినవి: స్నానాల గదిలో పాచి, తడి గచ్చు, గడప దగ్గర ఎవరికీ కనిపించని మెట్టు, తెల్లవారుజామున కళ్లాపి చల్లిన వాకిలి, మంచానికీ దొడ్డికీ మధ్య చీకటి. రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి, బేసిన్ పక్కన గోడకు గట్టి ఇనుప పిడి ఒకటి, అరగని చెప్పులు ఒక జత పెట్టండి. బీపీ మాత్ర, నిద్రమాత్ర వేసుకునేవాళ్లు ఒక్కసారిగా లేవకుండా మంచం అంచున నిమిషం కూర్చుని లేవాలి. కంటిలో శుక్లాలు ఉంటే ఆపరేషన్ చేయించండి.

కొన్నిసార్లు పడటం కాదు, తోసేయడం జరుగుతుంది. ఇంట్లో చెప్పుకోలేని పెద్దవాళ్లు, అనుమానం వచ్చిన ఇరుగుపొరుగు 14567కు ఫోన్ చేయవచ్చు. వృద్ధుల కోసం నడిచే ఉచిత నంబరు ఇది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులోనే మాట్లాడతారు.

అంబులెన్స్‌కు 108, ఆరోగ్యశ్రీకి 104, పెద్దల సహాయానికి 14567. ఈ మూడూ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో వాళ్లు గుర్తుపట్టే పేర్లతో సేవ్ చేసి, ఒకసారి వాళ్లచేతే నొక్కించి చూపించండి. డిశ్చార్జి సమ్మరీని, ఎక్స్‌రేలను పారేయకండి. రాడ్ వేసిన చోట అయిదేళ్లకు నొప్పి వచ్చినా ముందు అడిగేది ఆ కాగితాలే.